ఫోటోషాప్‌లో తెలుగు హెడ్డింగ్‌కి గ్లాసీ మెరుపు రాక పొగ పట్టినట్టు ఎందుకుంటుందంటే

తమ్ముడు అడిగింది ఏంటంటే, గుంటూరులో ఫ్లెక్స్ షాపులో కొత్తగా చేరాడంట, దసరాకి అమ్మవారి ఫ్లెక్స్ చేస్తూ హెడ్డింగ్‌కి గ్లాసీ టెక్స్ట్ పెట్టాడంట, వీడియోలో చూసినట్టే బెవెల్ (అక్షరం అంచుల్ని వాలుగా చెక్కినట్టు చూపించే ఎఫెక్ట్) కొట్టాడు, పైన తెల్ల గ్రేడియెంట్ (ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మెల్లగా మారే పూత) వేశాడు, అయినా అక్షరం మెరవకుండా పొగ పట్టినట్టుంది, ప్రింట్ తీస్తే ఇంకా చప్పబడిపోయింది, ఓనరేమో "గోల్డ్ అంటే గోల్డ్‌లా మెరవాలి" అని కూర్చున్నాడు, ఏ సెట్టింగ్ మార్చాలి అని.

సెట్టింగ్ సంగతి చెప్తా గానీ ముందు ఒక్కటి బుర్రలో పెట్టుకో తమ్ముడూ, మెరుపు తెలుపులో ఉండదు. తెలుపు పక్కన ఎంత చీకటి ఉంది, ఆ రెండింటి మధ్య గీత ఎంత పదునుగా ఉంది, అంతా అక్కడే ఉంది. నువ్వు తెలుపు పెంచుకుంటూ పోయావు, అంచులు మెత్తగా వదిలేశావు, అందుకే పొగ.

నమ్మకపోతే మీ ఇంట్లో చింతపండేసి తోమిన ఇత్తడి బిందె ఒకటి గుమ్మం దగ్గర పెట్టి దగ్గరికెళ్లి చూడు. మనం పసుపుగా ఉంటది అనుకుంటాం కదా, నిజానికి సగానికి పైగా ముదురు గోధుమ రంగే కనపడుద్ది, కొన్ని చోట్ల దాదాపు నలుపు. తెల్లగా మెరిసేది సన్నటి పట్టీ ఒకటి, అది గుమ్మం ఆకారం, వంగి కనపడుద్ది, దాని అంచు కత్తితో కోసినట్టు ఉంటది, అంచు దాటగానే వెంటనే ముదురు రంగు. ఇంకోటి గమనించు, ఆ తెల్ల పట్టీ కూడా పూర్తి తెలుపు కాదు, లేత పసుపు. అదే బిందె తోమకుండా ఒక నెల వదిలేస్తే పడే వెలుగు అదే, కానీ పట్టీ అంచులు కరిగిపోయి వెలుగు బిందె అంతా పరుచుకుంటుంది. నీ హెడ్డింగ్ ఇప్పుడు ఆ తోమని బిందె దగ్గరుంది.

సరే ఇప్పుడు పనిలోకి వద్దాం. గ్లాసీ అని అందరూ ఒకే మాట అంటారు గానీ కస్టమర్ మనసులో మూడు రకాలు ఉంటయ్, అది ముందే తేల్చుకో. ఒకటి కారు పెయింట్ లాంటి ప్లాస్టిక్ మెరుపు, రెండు గోల్డ్ లేదా క్రోమ్, మూడు జెల్ అంటే గాజు లాంటిది. ప్లాస్టిక్‌కి అక్షరం ఏ రంగైనా హైలైట్ మాత్రం తెల్లగానే ఉంటది, ఎందుకంటే పై పొర మీద పడిన వెలుగు రంగు మారకుండా అట్టానే తిరిగొస్తది. లోహానికి అట్టా కాదు, తిరిగొచ్చే వెలుగు కూడా లోహం రంగు పూసుకునే వస్తది. గోల్డ్ టెక్స్ట్ మీద తెల్ల హైలైట్ వేస్తే పసుపు ప్లాస్టిక్ చెంబులా కనపడేది అందుకే, మన బెజవాడ రోడ్ల మీద సగం ఫ్లెక్సుల్లో గోల్డ్ అని వేసింది నిజానికి పసుపు ప్లాస్టిక్కే. జెల్‌కి ఇంకో తిరకాసు ఉంది, పైనుంచి వెలుగు లోపలికి దూరి కింద వైపు గుమిగూడుద్ది, కాబట్టి అక్షరం పైభాగం ముదురుగా, అడుగు భాగం అదే రంగులో లేతగా వెలుగుతా ఉండాలి, పైన మాత్రం చిన్న తెల్ల మెరుపు. కొత్తోళ్లు పైనా లేతే, మెరుపూ లేతే పెడతారు, ఇక తేడా ఏం తెలుస్తది.

నీక్కావాల్సింది గోల్డ్ కాబట్టి దాని మీదే ఎక్కువ చెప్తా. బెవెల్ కంటే ముందు గ్రేడియెంట్ ఓవర్‌లే, అంటే అక్షరం ఉన్న లేయర్ (పొర) మీద గ్రేడియెంట్ పరిచే స్టైల్. రెండు రంగుల గ్రేడియెంట్‌తో గోల్డ్ రాదు, కనీసం ఐదు స్టాపులు, అంటే రంగు మారే గుర్తులు, కావాలి, మధ్యలో ఒక హొరైజన్ గీత ఉండాలి. హొరైజన్ అంటే ఆకాశం నేల కలిసే చోటు, మెరిసే లోహం అంటే చుట్టూ ఉన్నది చూపించేది కదా, పైసగంలో ఆకాశం, కిందసగంలో నేల. పైనుంచి మొదలెడితే మధ్యస్థం గోల్డ్, ఆర్‌జీబీలో (ఎరుపు, పచ్చ, నీలం అంకెల్లో) 190, 135, 25 దగ్గర్లో, అక్కణ్ణుంచి లేతబడుతూ 48 శాతం దగ్గర మీగడ రంగు 255, 244, 190, వెంటనే 50 శాతం దగ్గర ముదురు గోధుమ 92, 51, 6, తర్వాత మెల్లగా 212, 160, 32, ఆఖర్న కొంచెం లేత గోల్డ్. ఆ 48కి 50కి మధ్య దూరమే నీ మెరుపు మొత్తం. ఆ రెండు స్టాపుల్ని 40, 60 దగ్గరికి లాగి చూడు, కళ్ల ముందే మెరుపు చచ్చిపోయి మ్యాట్ అయిపోద్ది. మళ్లీ దగ్గరికి జరుపు, వచ్చేస్తది. బెవెల్ ముట్టుకోకముందే సగం పని అయిపోయినట్టు.

ఇక్కడ మన తెలుగు అక్షరంతో ఒక ఇబ్బంది ఉంది, ఇంగ్లీషు వీడియోల్లో ఎవడూ చెప్పడు, చెప్పాల్సిన అవసరం వాళ్లకి లేదు. గ్రేడియెంట్ ఓవర్‌లేలో అలైన్ విత్ లేయర్ అని టిక్ ఉంటది, అది లేయర్‌లో పై అంచు నుంచి కింది అంచు దాకా కొలుచుకుని గ్రేడియెంట్ పరుస్తది. "విజయవాడ" అని టైప్ చేస్తే కిందికి వేలాడేది ఏం లేదు కాబట్టి హొరైజన్ కాస్త అటూఇటూగా అక్షరం పొట్ట మీదే పడుద్ది, బాగుంటది. అదే స్టైల్ కాపీ చేసి "శ్రీ కనకదుర్గమ్మ" మీద వెయ్యి. శ్రీ కింద క్రారవడి, దుర్గమ్మలో గ వత్తు, మ వత్తు, ఇవన్నీ కిందికి దిగుతయ్ కాబట్టి లేయర్ ఎత్తు పెరిగిపోద్ది, హొరైజన్ గీత జారి అక్షరం పాదాల దగ్గరికి వచ్చేస్తది, అంటే కనకలో కనపడేదంతా ఆకాశం, నేలంతా వత్తుల్లోకి వెళ్లిపోయింది. పైలైను గోల్డ్‌లా ఉండి కిందలైను పసుపుగా ఎందుకుందో అర్థం కాక జనం తల పట్టుకుంటారు, స్టైల్ ఒకటేగా అని. దీనికి మందు సులువే. లేయర్ స్టైల్ బాక్స్‌లో గ్రేడియెంట్ ఓవర్‌లే ఓపెన్ చేసి ఉంచి, మౌస్ బయటికి తెచ్చి ఫైల్ మీదే పట్టుకుని లాగు, గ్రేడియెంట్ జరుగుద్ది. తలకట్టు, గుడి, వత్తు ఇవన్నీ వదిలేసి ఒట్టి అక్షరం పొట్ట ఎక్కడుందో చూసి దాని మధ్యకి ఒక గైడ్ గీత వేసుకో, నాకైతే మధ్యకంటే ఒక వెంట్రుక పైనుంటేనే బాగుంటది, ప్రతి లైనుకి హొరైజన్‌ని ఆ గైడ్ మీదికి తెచ్చి పెట్టు. ఇంకోటి, వత్తులన్నీ నేల భాగంలో చివరికి పడతయ్ కాబట్టి ఆఖరి స్టాపు మరీ లేతగా పెట్టకు, పెడితే వెనక ఉన్న అమ్మవారి ఫోటోలో పసుపు, ఎరుపు వెలుగుల్లో వత్తు కలిసిపోయి "దుర్గమ్మ" కాస్తా "దురమ" లాగా చదువుతారు.

ఇప్పుడు బెవెల్. ఇన్నర్ బెవెల్, గోల్డ్‌కి టెక్నిక్ చిజెల్ హార్డ్, ప్లాస్టిక్‌కీ జెల్‌కీ స్మూత్. సైజు ఎంత అని అంకె అడుగుతారు అందరూ, అంకె చెప్తే మోసం, అది నీ అక్షరం గీత మందాన్ని బట్టి ఉంటది. గీత మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు పెట్టు. దాటి సగం దాకా పోతే రెండు వైపుల నుంచీ వచ్చిన వాలు మధ్యలో కలిసిపోయి అక్షరానికి పైన చదునుగా ఉండే చోటే మిగలదు, హొరైజన్ కనపడదు. తెలుగులో ఇంకా జాగ్రత్త, అక్షరం లావుగా ఉన్నా తలకట్టు, కొమ్ము చివర సన్నగా ఉంటయ్, బెవెల్ వాటిని తినేస్తది. అందుకే గ్లాసీ హెడ్డింగ్‌కి ముందు ఫాంటే సరిగ్గా ఎంచుకోవాలి, మొత్తం ఒకే మందంలో బొద్దుగా ఉండేది. అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే పాత తెలుగు ఫాంట్లు) లావువి నీకు తెలిసే ఉంటయ్, యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు) అయితే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, రవిప్రకాష్ ఫ్రీగా దొరుకుతయ్, రెండూ ఈ పనికి బాగా ఆనతయ్. ఫోటోషాప్‌లో యూనికోడ్ కొడితే వత్తులు విడిపోతున్నాయి అంటావేమో, ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్‌ని మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్‌కి మార్చు, ఇంకా కొత్త వెర్షన్ అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టు. పాత ఫోటోషాప్ 7.0 మీద ఉన్నవాళ్లకి అనునే దిక్కు. ఆ పాతదైనా పర్లేదు, నేను చెప్పే గ్రేడియెంట్, బెవెల్, కాంటూర్ అన్నీ అందులోనూ ఉన్నయ్.

బెవెల్‌లో అసలు సరుకు గ్లాస్ కాంటూర్‌లో (Gloss Contour, వెలుగు నీడలోకి ఎట్టా మారాలో చెప్పే గీత) ఉంది, చాలామంది అటు తొంగి కూడా చూడరు. మామూలుగా లీనియర్ ఉంటది, అంటే వెలుగు నుంచి నీడకి నెమ్మదిగా జారుద్ది, అది సున్నం గోడ లక్షణం. రింగ్ పెట్టు, వెలుగు ఒకసారి పెరిగి తగ్గుద్ది, రింగ్ డబుల్ అయితే రెండుసార్లు, లోహం అంటే అదే. పక్కనే యాంటీ ఏలియాస్డ్ టిక్ పెట్టకపోతే మెట్లుమెట్లుగా రంపంలా వస్తది. హైలైట్ రంగు తెలుపు తీసేసి లేత మీగడ పెట్టు, షాడో నలుపు తీసేసి ముదురు గోధుమ పెట్టు, మోడ్‌లు స్క్రీన్, మల్టిప్లై అట్టానే ఉంచు. ఒక్క ఈ రంగుల మార్పుతోనే పసుపు ప్లాస్టిక్ కాస్తా గోల్డ్ వైపు జరుగుద్ది. ఆల్టిట్యూడ్, అంటే వెలుగు ఎంత ఎత్తు నుంచి పడుద్దో చెప్పే అంకె, మామూలుగా 30 ఉంటది, జెల్ చేసేటప్పుడు దాన్ని 65, 70 దాకా పెంచితే మెరుపు అంచు మీద నుంచి అక్షరం లోపలికి దిగొస్తది, నీటిబొట్టు మీద మెరుపులా. అయితే యూజ్ గ్లోబల్ లైట్ టిక్ ఉంటే ఇది మార్చగానే గ్లోబల్ లైట్ వాడే మిగతా బెవెల్‌లు కూడా కదుల్తయ్, కాబట్టి ఆ ఒక్క లేయర్‌కి టిక్ తీసేసి మార్చు. కానీ దిక్కు మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి, అక్షరానికి వెలుగు ఎడమ నుంచి, అమ్మవారి ఫోటోకి కుడి నుంచి అయితే చూసేవాడికి కారణం తెలీదు గానీ అతికించినట్టు మాత్రం తెలిసిపోద్ది. ముందు ఫోటోలో ముక్కు నీడ ఎటు పడిందో చూసుకుని దాన్నిబట్టి యాంగిల్ పెట్టుకో.

గోల్డ్‌కి స్ట్రోక్, అంటే అక్షరం చుట్టూ గీత, లేకపోతే పూర్తి కాదు. స్ట్రోక్‌లో ఫిల్ టైప్ గ్రేడియెంట్ పెట్టి, లోపల దానికి రివర్స్‌లో, అంటే లోపల పైన లేతయితే స్ట్రోక్ పైన ముదురు. దానికింద సన్నగా ముదురు ఎరుపో నలుపో ఇంకో స్ట్రోక్. పాత వెర్షన్‌లో ఒక లేయర్‌కి ఒకటే స్ట్రోక్ కాబట్టి లేయర్ డూప్లికేట్ చేసి కింద పెట్టుకోవాలి.

ప్లాస్టిక్, జెల్‌కి పైన వేసే తెల్ల మెరుపు సంగతి, నువ్వు పొగ చేసింది ఇక్కడే అనుకుంటున్నా. టెక్స్ట్ థంబ్‌నెయిల్ మీద కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే సెలెక్షన్ వస్తది, సెలెక్ట్ మెనూలో మోడిఫై, కాంట్రాక్ట్ కొట్టి నాలుగైదు పిక్సెల్స్ లోపలికి తగ్గించు, పెద్ద ఫైల్ అయితే ఇంకా ఎక్కువ. ఈ తగ్గింపు మానేయొద్దు, తెలుపు చుట్టూ అక్షరం సొంత రంగు సన్నగా ఒక అంచు మిగలాలి, ఆ అంచే అక్షరానికి మందం ఉన్నట్టు చూపిస్తది. తర్వాత ఎలిప్టికల్ మార్కీ తీసుకుని ఆల్ట్, షిఫ్ట్ రెండూ పట్టుకుని మాట మొత్తం మీదుగా పెద్ద కోడిగుడ్డు ఆకారం గీస్తే రెండూ కలిసిన భాగమే మిగులుద్ది. ఒక్కో అక్షరానికి విడిగా గీయకు, మాటంతటికీ ఒకటే వంపు. కొత్త లేయర్ మీద తెల్ల గ్రేడియెంట్, పైన 70 శాతం, కింద 20 శాతం. జాగ్రత్తగా చూడు, కింద సున్నా కాదు, 20. అందరూ తెలుపు నుంచి ట్రాన్స్‌పరెంట్ అని మొత్తం కరగనిస్తారు, కరిగితే అంచు ఉండదు, అంచు లేకపోతే పొగే. ఫెదర్ (సెలెక్షన్ అంచుని మెత్తబరచడం) అస్సలు వద్దు. సన్న చోట్ల తలకట్టు మీద తెల్ల చుక్కలు మిగిలితే ఇరేజర్‌తో తీసెయ్.

ఈ తెల్ల లేయర్‌ని క్లిప్పింగ్ మాస్క్ చేస్తే (కింది అక్షరం ఆకారంలోనే కనపడేట్టు కట్టేస్తే) మాయమైపోతుంది అని కొందరు అంటుంటారు, టెక్స్ట్‌కి గ్రేడియెంట్ ఓవర్‌లే ఉంటే అది క్లిప్ చేసిన వాటన్నిటి మీదా పడుద్ది, అందుకు. టెక్స్ట్ లేయర్ బ్లెండింగ్ ఆప్షన్స్‌లో బ్లెండ్ ఇంటీరియర్ ఎఫెక్ట్స్ యాజ్ గ్రూప్ టిక్ పెట్టి, బ్లెండ్ క్లిప్డ్ లేయర్స్ యాజ్ గ్రూప్ టిక్ తీసెయ్, పైకొచ్చేస్తది.

నెట్‌లో దొరికే స్టైల్ ప్యాక్‌ల గురించి ఒకమాట. అవి చెడ్డవి కాదు, కానీ వాటిల్లో ప్రతి అంకె పిక్సెల్స్‌లో ఉంటది, ఎవడో చిన్న ఫైల్‌లో లావు ఇంగ్లీషు అక్షరం మీద చేసింది. మన ఫ్లెక్స్ పదడుగులు ఎనిమిదడుగులు 72 రిజల్యూషన్‌లో వేసినా 8640 బై 6912 పిక్సెల్స్, అందులో వాడి ఐదు పిక్సెల్స్ బెవెల్ సన్న గీతలా కూడా కనపడదు. లేయర్ మెనూలో లేయర్ స్టైల్, స్కేల్ ఎఫెక్ట్స్ అని ఉంది, దాంతో పెంచుకో. నువ్వు చిన్న సైజులో డిజైన్ చేసి తర్వాత ఇమేజ్ సైజులో పెంచే అలవాటుంటే స్కేల్ స్టైల్స్ టిక్ ఉందో లేదో చూడు, కంట్రోల్ టీ తో లాగితే మాత్రం అక్షరమే పెరుగుద్ది, స్టైల్ పెరగదు.

కోరెల్‌డ్రాలో చేసేవాళ్లు అడుగుతారు కాబట్టి అది కూడా, అక్కడ లైవ్ బెవెల్ మీద ఆశ పెట్టుకోకుండా ఇదే లెక్క ఫౌంటెన్ ఫిల్‌తో (అక్కడ గ్రేడియెంట్ పేరు అదే), మెరుపు ఆకారానికి ట్రాన్స్‌పరెన్సీ టూల్‌తో చెయ్యొచ్చు. అను ఫాంట్‌ని కర్వ్స్ (గీతల ఆకారం) చేస్తే వత్తూ అక్షరం ఒకదానిమీద ఒకటి ఎక్కిన చోట కన్నం పడుద్ది, ముందే అక్షరాల్ని విడగొట్టి తర్వాత వెల్డ్ చేసుకోండి, అంటే ఒకే ఆకారంగా కలపండి. కంప్యూటర్‌లో ఫోటోషాప్ లేనివాళ్లకి బ్రౌజర్‌లో ఫోటోపీ ఉంది, ఫోటోషాప్ ఫైల్ (పీఎస్‌డీ) ఓపెన్ అవుద్ది, లేయర్ స్టైల్స్ కూడా దాదాపు ఇవే.

"ఈ గ్లాసీ ఇప్పుడు ఓల్డ్ ఫ్యాషన్, ఫ్లాట్ చెయ్యండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. యాపిల్ వాళ్లు 2000లో ఆక్వా అని జెల్ బటన్లు తెస్తే ప్రపంచమంతా జెల్ అంది, 2013లో ఐఓఎస్ 7తో వాళ్లే తీసేస్తే అందరూ ఫ్లాట్ అన్నారు, 2025లో మళ్లీ వాళ్లే లిక్విడ్ గ్లాస్ అని గాజు పట్టుకొచ్చారు. బెంజి సర్కిల్ దగ్గర ఫ్లెక్సులకి మాత్రం ఈ పాతికేళ్లలో ఏ ఫ్యాషనూ తగల్లేదు, గోల్డ్ అడుగుతూనే ఉన్నారు, మనం వేస్తూనే ఉన్నాం. బండి మీద పోయేవాడికి ఐదు సెకన్లలో అమ్మవారి పేరు కళ్లబడాలి, దానికి గోల్డ్ మీద ముదురు స్ట్రోక్ కంటే గట్టిది ఇంకా రాలేదని నా నమ్మకం.

ఇక ప్రింట్‌లో ఎందుకు చప్పబడింది అనేది. మానిటర్‌లో తెలుపు అంటే వెనక లైటు, ఫ్లెక్స్ మీద తెలుపు అంటే ఇంకు పడని ఖాళీ ఫ్లెక్స్, అంతకంటే తెల్లగా ఏదీ రాదు. కాబట్టి హైలైట్‌ని పెంచే దారి లేదు, చుట్టూ ఉన్నదాన్ని దించడమే దారి. స్క్రీన్ మీద బాగున్న గోల్డ్‌ని ప్రింట్‌కి పంపేముందు ఇంకో పది శాతం ముదురు చెయ్, స్క్రీన్‌లో కొంచెం మురికిగా అనిపించాలి. వెనక ట్యూబ్‌లైట్లు పెట్టే బ్యాక్‌లిట్ బోర్డు అయితే ఇంకా ముదురు, వెనక వెలుగు ముదురు రంగుల్ని కూడా తేలగొట్టేస్తది. రంగుల విషయంలో కంట్రోల్ వై కొడితే సీఎంవైకేలో, అంటే ప్రింట్ ఇంకుల రంగుల్లో, ఎట్టా ఉంటదో చూపిస్తది, మెరిసే నీలాలు, చిలకపచ్చలు అక్కడే చచ్చిపోతయ్, ఆర్‌జీబీ నీలం వంకాయ రంగుకి తిరుగుద్ది. గోల్డ్ అదృష్టం ఏంటంటే అది పసుపు, మెజెంటా ఇంకుల్లోనే ఉంది కాబట్టి పెద్దగా దెబ్బతినదు, నీలం జెల్ చేసేవాడికే కష్టం.

స్క్రీన్, మల్టిప్లై మోడ్‌లు లేయర్లుగా ఉండగానే సీఎంవైకేకి మారిస్తే లెక్క మారిపోయి మెరుపు తేడా వస్తది. ఆర్‌జీబీలోనే మొత్తం చేసి, పీఎస్‌డీ ఒకటి దాచుకుని, కాపీలో లేయర్లన్నీ ఒకటిగా కలిపి (ఫ్లాటెన్ చేసి) అప్పుడు మార్చు. పెద్ద గ్రేడియెంట్లలో పట్టీలు పట్టీలుగా పడితే నాయిస్ ఫిల్టర్ 1 శాతం చాలు.

ఫ్లెక్స్ మొత్తం కొట్టకముందు హెడ్డింగ్‌లో ఒక అడుగు ముక్క, వత్తు ఉన్న అక్షరం వచ్చేట్టు కట్ చేసి, రోల్ పక్కన వేస్ట్ పోయే చోట వేయించు, మీ షాపే కదా, ఆపరేటర్ కాదనడు. దాన్ని చేతిలో పట్టుకుని చూడకు, గోడకి అంటించి రోడ్డు అవతలి వైపు నుంచి చూడు, హొరైజన్ గీత అక్కణ్ణుంచి కనపడకపోతే 48, 50 మధ్య దూరం కాదు, రెండు రంగుల మధ్య తేడా పెంచాలి. అప్పటికీ పొగే అయితే గ్రేడియెంట్ ఎడిటర్, బెవెల్ బాక్స్ రెండూ కనపడేట్టు స్క్రీన్‌షాట్ పెట్టు, ఫైల్ సైజు, ఫాంట్ పేరు కూడా రాయి, చూసి చెప్తా.